మోకాళ్ల నొప్పులు: ‘గుజ్జు అరిగిపోయింది’ అన్న మాట దగ్గరే ఆగిపోకండి

మా అమ్మకి 62వ ఏట మోకాళ్ల ఎక్స్‌రే తీయించాం. సినిమా రీలు చూసినట్టు దాన్ని లైటుకేసి పట్టుకుని చూసిన డాక్టర్ ఒకే ముక్క చెప్పాడు: ‘గుజ్జు అరిగిపోయిందమ్మా, జాగ్రత్తగా ఉండండి.’ ఆ ముక్క పట్టుకుని ఇంటికొచ్చిన అమ్మ ఆరు నెలలు కాలు కదపలేదు. పాలప్యాకెట్ కోసం వీధి చివరిదాకా వెళ్లడం మానేసింది. మేడ మీద బట్టలారేయడం మానేసింది. నడిచేకొద్దీ ఉన్న కాస్త గుజ్జూ అరిగిపోతుందని ఆవిడ లెక్క, చెప్పు అరిగినట్టు. ఆరు నెలలయ్యాక నొప్పి తగ్గలేదు సరికదా, కుర్చీలోంచి లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యందించాల్సి వచ్చింది. నాలుగు కిలోల బరువు పెరిగింది, తొడలు పీలగా అయిపోయాయి.

తప్పు మోకాలిది కాదు, ఆ ‘అరిగింది’ అన్న మాటది. మనం గుజ్జు అంటున్నది ఎముకల చివర నున్నగా ఉండే మృదులాస్థి. అది చెప్పు అట్టలాంటిది కాదు, ప్రాణమున్నది. దానికి సొంతంగా రక్తనాళాలు లేవు. కీలు కదిలినప్పుడు, బరువు పడి తీసినప్పుడు, స్పాంజి నీళ్లు పీల్చినట్టు కీలులోని ద్రవం నుంచే పోషణ తీసుకుంటుంది. కాలు కదపకుండా కూర్చుంటే దానికి తిండి అందదు. పైగా మోకాలి మీద పడే దెబ్బని కాచేది తొడ కండరం. అది పీలైపోతే బరువంతా నేరుగా ఎముకల మీదే పడుతుంది. అందుకే ఈ మార్గదర్శిలో మాత్రల కన్నా తొడ కండరానికే ఎక్కువ చోటిచ్చాను.

మొదట: ఇది ఏ నొప్పో తేల్చుకోండి

మోకాలి నొప్పులన్నీ ఒకటి కాదు. వయసు మీద పడ్డాక వచ్చే మామూలు ఆర్థరైటిస్‌కి కొన్ని గుర్తులుంటాయి. పొద్దున లేవగానే కాళ్లు పట్టేసినట్టుంటాయి, అరగంటలోపే వదులవుతాయి. మెట్లు దిగేటప్పుడు, కింద కూర్చుని లేచేటప్పుడు నొప్పి ఎక్కువ. కీలు కిరకిరలాడుతుంది. చప్పుడు ఒక్కటే ఉండి నొప్పి లేకపోతే కంగారు పడక్కర్లేదు, చాలామందికి ఉండేదే.

పొద్దున బిగుసుకున్న కీళ్లు గంట దాటినా వదలకపోతే, మోకాలితో పాటు చేతివేళ్లు, మణికట్లు రెండువైపులా వాస్తుంటే అది కీళ్లవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్ కావచ్చు. దానికి మందులు వేరు. ఎంత త్వరగా మొదలుపెడితే కీళ్లు అంతగా మిగులుతాయి. రుమటాలజిస్టు దగ్గరికి వెళ్లాలి, ఇంట్లో కాపడాలతో కాలక్షేపం చేయకూడదు. రాత్రికి రాత్రే మోకాలో, కాలి బొటనవేలి మొదలో ఎర్రగా వాచి దుప్పటి తగిలినా భరించలేనట్టుంటే గౌట్ (రక్తంలో యూరిక్ యాసిడ్ పెరిగి వచ్చే కీళ్ల జబ్బు) అనుమానించాలి. జ్వరం తగ్గాక కీళ్లు నెలల తరబడి పీకుతుంటే చికున్‌గున్యా గుర్తు చేసుకోండి. 2005-06లో ఆ జ్వరం మన ఊళ్లని ఊపేసినప్పుడు గోడ పట్టుకుని నడిచినవాళ్లని చాలామంది చూసే ఉంటారు. ఇంకో తిరకాసు ఉంది. తుంటి కీలు దెబ్బతింటే నొప్పి మోకాల్లో తెలుస్తుంది. మోకాలి ఎక్స్‌రేలో అంతా బాగుంటే తుంటి కూడా చూడమని అడగండి.

ఇవి కనిపిస్తే మాత్రం ఆగొద్దు, అదేరోజు ఆసుపత్రికి వెళ్లండి: మోకాలు ఎర్రగా, వేడిగా వాచి జ్వరం కూడా ఉండటం (కీలులో చీము పట్టి ఉండొచ్చు, షుగర్ ఉన్నవాళ్లకి మరీ ప్రమాదం), కిందపడ్డాక కాలు మోపలేకపోవడం, మోకాలు మడత దగ్గర ఇరుక్కుపోయి చాపలేకపోవడం, ఒక్క కాలి పిక్కే ఉన్నట్టుండి వాచి నొప్పెట్టడం. చివరిది రక్తనాళంలో గడ్డ కట్టడం వల్ల కావచ్చు, అది మోకాలి సమస్యే కాదు.

ఎక్స్‌రే తీయించాల్సి వస్తే నిలబెట్టి తీయమనండి. పడుకోబెట్టి తీస్తే కీలు మధ్య సందు ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది. రిపోర్టులో ‘గ్రేడ్ 3’, ‘గ్రేడ్ 4’ అని (అరుగుదలకి కొలత, 4 అంటే బాగా ముదిరినట్టు) ఉంటే ఢీలా పడిపోకండి. ఎక్స్‌రేకీ నొప్పికీ పొంతన ఉండాలని లేదు. గ్రేడ్ 4తో పొలం పనులకి వెళ్లేవాళ్లున్నారు, గ్రేడ్ 2తో మంచం దిగనివాళ్లూ ఉన్నారు. 50 దాటినవాళ్లకి మామూలు ఆర్థరైటిస్ అని తేలాక ఎమ్మారై స్కాన్ చాలావరకు అనవసరపు ఖర్చే.

వాపు ముదిరిన రోజు ఏం చేయాలి

పెళ్లికెళ్లి రోజంతా నిలబడినా, బస్సులో పదిగంటలు కూర్చున్నా మర్నాటికి మోకాలు బూరెలా పొంగుతుంది. ఇలాంటి రోజున వ్యాయామం తగ్గించండి, మంచం మాత్రం పట్టకండి. ఐసు ముక్కలు కవర్లో వేసి, పల్చటి తువ్వాలు చుట్టి 15 నిమిషాలు పెట్టండి. ఐసుని ఒంటికి నేరుగా తగలనివ్వకూడదు. రోజుకి మూడు నాలుగుసార్లు చాలు. కాలు కాస్త ఎత్తులో పెట్టి పడుకోండి.

ఇక్కడ అందరూ చేసే పొరపాటొకటి ఉంది. మోకాలి కింద దిండు పెట్టుకుంటే హాయిగా ఉంటుంది, అందుకని రాత్రంతా అలాగే పడుకుంటారు. అదే అలవాటైతే మోకాలు పూర్తిగా చాపడం కష్టమవుతుంది. దిండు పెడితే మడమ కిందా పిక్క కిందా పెట్టండి, మోకాలు చాపి ఉండేలా.

వేడి కాపడం దీనికి తిరగేసిన సంగతి. వాపు లేకుండా బిగుసుకుపోయిన మోకాలికి, ముఖ్యంగా పొద్దున పూట, వేడి బాగా పనిచేస్తుంది. వేడినీళ్ల బ్యాగు, ఉప్పు మూట, వావిలాకు వేసి కాచిన నీళ్లలో ముంచిన గుడ్డ, ఏదైనా సరే. నా ఉద్దేశంలో వీటన్నిటిలోనూ అసలు పనిచేసేది వేడే. షుగర్‌తో కాళ్ల తిమ్మిర్లున్నవాళ్లు ముందు చేత్తో వేడి చూసుకోవాలి. కాలినా తెలియక బొబ్బలెక్కించుకున్నవాళ్లున్నారు. జిల్లేడాకు కట్టేవాళ్లకి ఓ మాట: ఆ పాలు చర్మాన్ని పొక్కిస్తాయి, కంట్లో పడితే కన్నే దెబ్బతింటుంది. నేనైతే ఆ జోలికి వెళ్లను.

తొడ కండరం: అసలు పని ఇక్కడే

ఆరు నెలల తర్వాత అమ్మని ఫిజియోథెరపీకి తీసుకెళ్తే అక్కడున్న అమ్మాయి యంత్రాలేవీ తగిలించలేదు. పాత తువ్వాలుని చపాతీ కర్రంత లావున చుట్టి, మంచం మీద కాళ్లు చాపుకున్న అమ్మ మోకాలి కింద పెట్టింది. ‘ఈ చుట్టని మోకాలితో మంచానికేసి నొక్కండమ్మా’ అంది. మోకాలి చిప్పకి నాలుగు వేళ్ల పైన తన రెండు వేళ్లు ఆనించి, ‘ఇక్కడ కండ రాయిలా గట్టిపడాలి’ అంది. అమ్మ పళ్లు బిగబట్టి నొక్కింది. కుడితొడ గట్టిపడింది. ఎడమతొడ మాత్రం జెల్లీలా వణికి ఊరుకుంది. ‘చూశారా, ఇది పని చేయడం మర్చిపోయింది’ అంది ఆ అమ్మాయి. ‘నేనేనా తల్లీ మర్చిపోయింది, అది కూడానా’ అని అమ్మ నవ్వేసింది.

ఆ తువ్వాలు చుట్టతోనే మొదలుపెట్టండి. నొక్కి అయిదు లెక్కపెట్టేదాకా అలాగే ఉంచి వదలాలి. పదిసార్లు ఒక కాలికి, పదిసార్లు రెండోదానికి, రోజుకి రెండు పూటలా. ఊపిరి బిగబట్టొద్దు. పైకి అంకెలు లెక్కపెడితే ఊపిరి దానంతటదే ఆడుతుంది.

వారం తర్వాత కాలు ఎత్తడం. వెల్లకిలా పడుకుని ఒక మోకాలు మడిచి పెట్టి, రెండోకాలు బిర్రుగా చాపి, జానెడు పైకెత్తి, అయిదు లెక్కపెట్టి మెల్లగా దించాలి. దబ్బున పడేస్తే సగం పని వృథా. నడుంనొప్పి ఉన్నవాళ్లు దీన్ని ఫిజియోని అడిగాకే చేయాలి. పక్కకి తిరిగి పడుకుని పైకాలిని ఎత్తడం కూడా కలపండి. తుంటి పక్క కండరం బలంగా ఉంటే నడకలో మోకాలు అటూఇటూ ఊగదు.

మూడోది, నా దృష్టిలో అన్నిటికన్నా గొప్పది, కుర్చీలోంచి లేవడం. చేతులున్న గట్టి కుర్చీని గోడకి ఆనించి వేసుకోండి. ప్లాస్టిక్ కుర్చీ జారిపోతుంది, వద్దు. పాదాలు కాస్త వెనక్కి పెట్టి, ముందుకి వంగి, చేతుల సాయం లేకుండా లేవాలి. కుదరకపోతే సీటు మీద ఒక దిండు వేసి ఎత్తు పెంచండి, అదీ కుదరకపోతే చేతులానించి లేవండి. కూర్చునేటప్పుడు మూడు లెక్కపెడుతూ దిగండి, కూలబడకూడదు. అమ్మ అయిదుసార్లతో మొదలుపెట్టింది. కుక్కర్ పెట్టి మూడో కూత వచ్చేలోపు పది పూర్తిచేయాలని ఇప్పుడు ఆవిడ పందెం. కూర తరిగే గట్టు పట్టుకుని మడమలు లేపి దించడం కూడా అప్పుడే అయిపోతుంది.

చేసేటప్పుడు కాస్త నొప్పి రావడం సహజం. దానికో కొలత ఉంది. పదికి నాలుగైదు దాకా ఉన్న నొప్పి ఫర్వాలేదు, మర్నాడు పొద్దున్నకి మామూలైపోవాలి. తెల్లారినా తగ్గకపోయినా, వాపొచ్చినా, నిన్న చేసినదాంట్లో సగం చేయండి, మానేయొద్దు. ఫలితం కనిపించడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పడుతుంది. రెండు వారాలకే ‘ఏం లాభం లేదు’ అనేసేవాళ్లే ఎక్కువ. మా అమ్మ కూడా మూడోవారంలో అదే అంది. అయిదోవారంలో ఓ రోజు చెయ్యందించబోతే ‘తీయ్, నేనే లేస్తాను’ అంది.

నడక, మెట్లు, చేతికర్ర

ఒకేసారి గంట నడిచేకన్నా మూడుసార్లు పదేసి నిమిషాలు నడవడం మేలు. చదునైన నేల చూసుకోండి. చెప్పులు మెత్తటి అట్ట ఉన్నవి, వెనక పట్టీ ఉన్నవి అయితే మంచిది. వేళ్లతో బిగబట్టి ఈడ్చుకుంటూ నడిచే హవాయి చెప్పులు ఇంట్లో వరకే.

మెట్లెక్కేటప్పుడు మంచికాలు ముందు, దిగేటప్పుడు నొప్పికాలు ముందు. పట్టుకోవడానికి రెయిలింగ్ తప్పనిసరి. తిరుమల కాలినడక మొక్కు ఉన్నవాళ్లు దీన్ని గుర్తుపెట్టుకోవాలి. అలిపిరి దారిలో 3,550 మెట్లు. ఎక్కడం కన్నా దిగడమే మోకాళ్లని తినేస్తుంది. నడిచి ఎక్కినా దిగడం మాత్రం బస్సులోనే. నెల ముందు నుంచీ తయారవకుండా ఎక్కడం కూడా వద్దనే నేనంటాను.

చేతికర్ర అంటే మనవాళ్లకి నామోషీ. ఎడమ మోకాలు నొప్పైతే కర్ర కుడిచేత్తో పట్టుకోవాలి. చాలామంది నొప్పి ఉన్న వైపే పట్టుకుంటారు, దానివల్ల బరువు తగ్గదు. నిటారుగా నిలబడి చెయ్యి వేలాడేస్తే మణికట్టు గీత దగ్గరకి పిడి రావాలి. కింద రబ్బరు అరిగితే మార్చేయండి.

ఇంట్లో మార్చుకోవాల్సినవి

కింద కూర్చోవడం పాపం కాదు. నొప్పి ఉన్నన్నాళ్లు తగ్గించుకోండి. గొంతుక్కూర్చోవడమే మోకాలికి గట్టి పరీక్ష, కాబట్టి ముందుగా మార్చాల్సింది బాత్రూం. వెస్టర్న్ కమోడ్ పెట్టించలేకపోతే, పాత దొడ్డి మీద వేసుకునే చిల్లున్న స్టీలు కుర్చీలు మందుల షాపుల వీధిలో దొరుకుతాయి. పక్కన గోడకి ఒక స్టీలు హ్యాండిల్ బిగించండి. తడినేల మీద జారి తుంటి విరగ్గొట్టుకోవడంకన్నా ఆ ఖర్చు ఏపాటిది.

కత్తిపీట బదులు గట్టు మీద చాకు, పూజకి పీట బదులు చిన్న స్టూలు. అమ్మ పూజ దగ్గర మాత్రం గొడవైంది. ‘దేవుడి ముందు కుర్చీ ఏంటే’ అంది. పూజ అలమరని నడుం ఎత్తుకి పెట్టించాక నిలబడే దీపం పెడుతోంది. నాట్లకి, కలుపులకి వెళ్లేవాళ్లకి ఈ వెసులుబాటు ఉండదు. వాళ్లు అరగంటకోసారి లేచి నిలబడి నాలుగడుగులు వేయడమైనా అలవాటు చేసుకోవాలి.

బరువు సంగతి

ఒక కిలో తగ్గితే ప్రతి అడుగుకీ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుందని కొలిచి చూశారు. 80 కిలోలవాళ్లు నాలుగు కిలోలు తగ్గినా తేడా తెలుస్తుంది. ఎనిమిది తగ్గితే నొప్పి బాగా దిగొస్తుంది. ఉపవాసాలతో తగ్గితే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది, మనకి కావాల్సిందే ఆ కండ. అన్నం రెండో మారు వడ్డన ఆపండి, ఆ జాగాలో పప్పు, గుడ్డు, పెరుగు, కూర పెంచండి.

వంకాయ, బంగాళదుంప, శనగపప్పు వాతం చేస్తాయని మానేసేవాళ్లు ఇంటికొకరుంటారు. మామూలు ఆర్థరైటిస్‌కి వాటితో పేచీ లేదు. గౌట్ ఉన్నవాళ్లకే మద్యం, ముఖ్యంగా బీరు, కార్జం లాంటి మాంసం తగ్గించాల్సిన పని.

మాత్రలు

పూతతో మొదలుపెట్టండి. డైక్లోఫెనాక్ జెల్‌ని రోజుకి మూడు నాలుగుసార్లు మోకాలి చుట్టూ రాస్తే, మింగే మాత్రలో ఉన్న ప్రమాదంలో చాలా కొద్దిపాటితోనే ఉపశమనం దొరుకుతుంది. పారాసెటమాల్ ఆర్థరైటిస్‌కి గొప్పగా పనిచేయదు. వాడితే రోజుకి 3 గ్రాములు దాటనీయకండి, లివర్ జబ్బు ఉంటే డాక్టర్ని అడగాలి. మందుల షాపులో ‘నొప్పి బిళ్ల’ అని ఇచ్చే చాలావాటిలో ఎసిక్లోఫెనాక్, పారాసెటమాల్ కలిపే ఉంటాయి. దాని మీద జ్వరం బిళ్ల వేసుకుంటే పారాసెటమాల్ డోసు పెరిగిపోతుంది.

ఎసిక్లోఫెనాక్, డైక్లోఫెనాక్, ఎటోరికాక్సిబ్ లాంటివి వాపు మీద బాగానే పనిచేస్తాయి. నెలల తరబడి మింగితే మాత్రం కడుపులో పుండ్లు, కిడ్నీలకి దెబ్బ, బీపీ పెరగడం, గుండె జబ్బు ముప్పు. పశువులకి డైక్లోఫెనాక్ ఎక్కిస్తే, ఆ కళేబరాలు తిన్న రాబందులు కిడ్నీలు పాడై గుంపులు గుంపులుగా చచ్చిపోయాయి. అందుకే 2006లో మన దేశంలో పశువైద్యంలో దాన్ని నిషేధించారు. మనిషి రాబందు కాదు, నిజమే. అయినా షుగర్, బీపీ, కిడ్నీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు షాపులో అడిగి వేసుకోకూడదు. మిగతావాళ్లు కూడా తిన్నాకే, కొద్దిరోజులకే, డాక్టర్ చెప్పిన మేరకే.

ఊళ్లోకి వచ్చి అమ్మే పొడులు, పేరులేని పొట్లాలు మూడు రోజుల్లో నొప్పి మాయం చేస్తే సంతోషించకండి, అనుమానించండి. కొన్నిట్లో స్టెరాయిడ్ కలుపుతారు. మొహం ఉబ్బడం, షుగర్ ఒక్కసారిగా పెరగడం దాని గుర్తులు. నెలల తరబడి వాడి ఉంటే హఠాత్తుగా ఆపడమూ ప్రమాదమే, పొట్లం పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఇంజెక్షన్లు

వాపు బాగా ఉన్నప్పుడు కీలులోకి వేసే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాలు ఊరటనిస్తుంది. పదేపదే వేయించుకోవద్దు, ఏడాదికి మూడు నాలుగు దాటనివ్వరు. షుగర్ కొన్నాళ్లు పెరుగుతుంది, చూసుకోండి. ‘గుజ్జు ఇంజెక్షన్’ అని వేలకి వేలు తీసుకునేదీ, పీఆర్పీ (మన రక్తం నుంచే తీసిన ప్లేట్‌లెట్ల ద్రవం) అనేదీ గుజ్జుని తిరిగి పెంచుతాయని నమ్మకండి. కొందరికి కొన్నాళ్లు నొప్పి తగ్గుతుందేమో కానీ అంతకుమించి నమ్మకంగా చెప్పే ఆధారం లేదు. గ్లూకోసమైన్ మాత్రలదీ ఇంచుమించు అదే కథ. ఆ డబ్బు ఫిజియోకి పెట్టడం నయం.

ఆపరేషన్ ఎప్పుడు

మూడు నెలలు నిజాయితీగా వ్యాయామం చేసి, బరువు తగ్గించి, మందులు వాడినా రాత్రిళ్లు నొప్పితో నిద్ర లేకపోతే, వీధి చివరికి కూడా నడవలేకపోతే, కాలు వంకర తిరుగుతుంటే మోకీలు మార్పిడి గురించి మాట్లాడండి. ఎక్స్‌రే గ్రేడు చూసి కాదు, బతుకు ఎంత ఆగిపోయిందో చూసి. మార్చిన కీలు చాలామందికి 15 నుంచి 20 ఏళ్లు, ఇంకా పైన కూడా నిలుస్తుంది. అరిగిన మోకాలిలోకి గొట్టం పెట్టి ‘కడిగేస్తాం’ అనే ఆపరేషన్ వద్దు, మామూలు ఆర్థరైటిస్‌కి దానివల్ల ప్రయోజనం లేదు.

సర్జన్ని అడగాల్సినవి ముందే కాగితం మీద రాసుకెళ్లండి. రెండూ ఒకేసారా, ఒకదాని తర్వాత ఒకటా? షుగర్ ఎంతకి దిగితే చేస్తారు? ఎన్నాళ్లు ఫిజియో, ఇంటికి వస్తారా? బిల్లులో ఇంప్లాంట్ (లోపల అమర్చే కృత్రిమ కీలు) ధర విడిగా చూపిస్తారా? 2017 ఆగస్టులో కేంద్రం ఇంప్లాంట్ల ధరలకి కళ్లెం వేసింది. ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పట్లో పెట్టిన గరిష్ఠ ధర పన్ను కాకుండా 54,720 రూపాయలు. తర్వాత మారుతూ వచ్చింది కాబట్టి ప్రస్తుత ధర అడిగి, ఇంప్లాంట్ స్టిక్కర్ ఫైల్లో అంటించమనండి. ఆరోగ్యశ్రీ కార్డు ఉంటే మీ కేసు దానికిందికి వస్తుందో రాదో ఆసుపత్రిలో ఆరోగ్యమిత్రని ముందే కనుక్కోండి.

ఆపరేషన్‌కి ముందు కూడా తువ్వాలు చుట్ట, కుర్చీ వ్యాయామం మానకండి. బలమైన తొడతో వెళ్లినవాళ్లు త్వరగా నడుస్తారు. మా అమ్మకి ఆ అవసరం ఇంకా రాలేదు. ఎక్స్‌రే మళ్లీ తీయించలేదు. పాలప్యాకెట్ మాత్రం మళ్లీ ఆవిడే తెస్తోంది.